ఇల్లిల్లూ తిరిగి కరెంటు ఆదా చేయించడం: వెళ్లి ఏం చూడాలి, ఏం చెప్పాలి?

#1 వరండా
అందరికీ నమస్కారం. మా కాలనీలో కొంతమందిమి కలిసి ఒక చిన్న బృందంగా ఏర్పడ్డాం. ఎవరైనా పిలిస్తే వాళ్లింటికి వెళ్లి, కరెంటు ఎక్కడ వృథా అవుతోందో చూసి, తగ్గించుకునే దారి చెప్పాలని ఉద్దేశం. డబ్బు తీసుకోం, ఏదీ అమ్మం. మాలో ఇంజినీర్లు ఎవరూ లేరు.

అక్కడా ఇక్కడా చదివి రెండు పేజీల సూచనల పట్టిక ఒకటి తయారుచేశాం. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అది చేతికిస్తున్నాం. అందరూ మర్యాదగా తీసుకుంటున్నారు, "చాలా మంచి పని చేస్తున్నారమ్మా" అంటున్నారు. ఆ తర్వాత అది టీవీ కింద సొరుగులోకి వెళ్లిపోతోంది. బిల్లు తగ్గిందని ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

పైగా ఇప్పుడు ఒక పెద్దాయన, ఆయన భార్య మమ్మల్ని పిలిచారు. ఇంట్లో ఇద్దరే ఉంటారు. కొత్త వస్తువు ఏదీ కొనలేదు, కానీ బిల్లు మాత్రం కొన్ని నెలలుగా పెరిగి అక్కడే నిలిచిపోయిందట. ఎక్కడ మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

#2 పాతమీటరు
ముందు ఆ పట్టికను పక్కన పెట్టండి. ఇంట్లో ఏముందో చూడకముందే సలహా ఇస్తే ఎవరు వింటారు? మందు రాసేముందు నాడి చూస్తారు కదా. ఇంటికి నాడి మీటరే.

కొత్త రకం మీటర్లలో ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే 'ఒక యూనిట్‌కు 3200' అనో 1600 అనో అచ్చువేసి ఉంటుంది. దీపం అన్నిసార్లు మిణికితే ఒక యూనిట్ ఖర్చయినట్టు. గడియారం పట్టుకుని ఒక నిమిషంలో ఎన్నిసార్లు మిణికిందో లెక్కపెట్టండి. దాన్ని 60తో గుణించి 3200తో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు ఎన్ని కిలోవాట్లు లాగుతోందో వస్తుంది. ఉదాహరణకు నిమిషానికి 16 సార్లు మిణికితే 0.3 కిలోవాట్లు, అంటే 300 వాట్లు.

ఇక అసలు పని ఇంటివాళ్ల చేతే చేయించండి. రాత్రి పడుకోబోయే ముందు మీటరు అంకె రాసుకోమనండి, పొద్దున లేవగానే ఏ స్విచ్చీ వేయకముందు మళ్లీ రాసుకోమనండి. అందరూ నిద్రపోతున్నప్పుడు ఇల్లు ఎంత తింటోందో ఆ రెండు అంకెల తేడా చెబుతుంది. ఏసీగానీ హీటరుగానీ నడపని రాత్రి చూడాలి. పెద్దాయన ఇంట్లో ఇదే మొదటి పని.

#3 లెక్కలపుస్తకం
పాతమీటరు గారు చెప్పింది నిజం. వరండా గారూ, మీ పట్టికలో మొదటి సూచన ఏమిటో ఊహించనా? "ఫోను ఛార్జర్లు సాకెట్ నుంచి తీసేయండి." అవునా?

#4 వరండా
అవును. మొదటిదే అది. మీకెలా తెలుసు?

#5 లెక్కలపుస్తకం
ఎవరు రాసినా మొదట అదే రాస్తారు కాబట్టి. ఒకప్పుడు అందులో కొంత నిజం ఉండేది. ఇనుప ముక్క చుట్టూ తీగ చుట్టిన పాత బరువైన ఛార్జర్లు ఫోను లేకపోయినా వేడెక్కేవి. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ 'పనిలేనప్పుడు ఏ పరికరమూ ఒక వాటుకు మించి తాగకూడదు' అనే లక్ష్యాన్ని ముందుకు తెచ్చింది. తర్వాత చాలా దేశాలు దాన్ని నిబంధనగా మార్చాయి. ఇప్పుడు ఐరోపా సమాఖ్యలో ఫోను ఛార్జరు ఖాళీగా ఉన్నప్పుడు 0.1 వాటు దాటకూడదు.

0.1 వాటును ఏడాదిలో ఉండే 8760 గంటలతో గుణించండి. 876 వాట్ గంటలు, అంటే ఒక యూనిట్ కూడా కాదు. అదే 2000 వాట్ల నీళ్ల హీటరును తీసుకోండి. అంత కరెంటు ఖర్చు చేయడానికి దానికి 26 నిమిషాలు చాలు. ఛార్జరును ఏడాది పొడవునా సాకెట్‌లోనే వదిలేయడమూ, హీటరును ఒక్కరోజు 26 నిమిషాలు అదనంగా నడపడమూ ఒకటే.

మనుషుల ఓపికకు హద్దుంటుంది. ఒక ఇంటివాళ్లు మీ మాట విని రెండు పనులు చేస్తారనుకుందాం. అందులో ఒకటి ఛార్జరుకు ఖర్చయిపోతే మిగిలేది ఒక్కటే. చూడాల్సినవి మూడు రకాలు: వేడి చేసేవి, చల్లబరిచేవి, రోజంతా ఆగకుండా నడిచేవి. మిగతావన్నీ తర్వాత.

#6 నిశాచరి
కొంచెం విభేదిస్తున్నాను. ఛార్జరు చిన్నదే కావచ్చు. కానీ దాన్ని తీసేసే అలవాటున్నవాళ్లు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తగా ఉంటారు. పిల్లలకు నేర్పడానికి అంతకంటే తేలికైన పని ఏముంది? చుక్కచుక్క కలిస్తేనే కదా చెరువయ్యేది.

#7 లెక్కలపుస్తకం
నిశాచరి గారూ, చెరువు గట్టు తెగి ఉంటే చుక్కలు పోగేసి ఏం లాభం? నేను చూసిన ఇళ్లలో జరిగేది మీరు చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. ఛార్జరు తీసేశామన్న తృప్తితోనే ఆగిపోతారు. "మేం చాలా జాగ్రత్తండీ, ఒక్క ప్లగ్గు కూడా ఉంచం" అంటారు. పక్క గదిలో ఎవరూ లేకపోయినా ఏసీ నడుస్తూ ఉంటుంది. అది 1500 వాట్లు లాగే యంత్రమైతే ఒక గంటలో ఒకటిన్నర యూనిట్.

పిల్లలకు నేర్పాలంటే మీటరు దీపం లెక్కపెట్టడం నేర్పండి. ఇస్త్రీపెట్టె పెట్టగానే అది ఎలా పరుగెడుతుందో వాళ్లకు చూపిస్తే చాలు, ఇక మరిచిపోరు.

#8 తీగపని
ఎలక్ట్రీషియన్‌గా బతుకుతున్నవాణ్ని. స్వచ్ఛందంగా వెళ్లేవాళ్లను చూస్తే సంతోషం, కొంచెం భయం కూడా. కొన్ని మాటలు ముందే చెప్పుకోవాలి.

స్విచ్‌బోర్డు మూత తీయకండి. మీటరు పెట్టె తెరవకండి, సీలు ముట్టుకోకండి. కాలిన వాసన, నల్లబడిన సాకెట్, చేయి పెడితే వెచ్చగా తగిలే ప్లగ్గు కనిపిస్తే ఆదా సంగతి అక్కడే ఆపేసి పనివాణ్ని పిలిపించండి. వదులైన కనెక్షన్ వల్ల అయ్యే కరెంటు వృథా తక్కువే, నిప్పు ప్రమాదం ఎక్కువ.

ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య పెట్టే వాట్ మీటరు చేతిలో ఉంటే మంచిదే. దాని మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో చూసుకోండి. 10 ఆంపియర్ల దానికి పెద్ద గీజర్ తగిలిస్తే కరిగిపోవచ్చు. ఏసీ, గీజర్ లాంటివి దానితో కొలిచే సాహసం చేయకండి, వాటికి మీటరు దీపమే దారి.

ఇంకొకటి. ఇంట్లో ఉన్నవన్నీ ఆపేసినా, ఫ్రిజ్ కూడా తీసేసినా మీటరు దీపం మిణుకుతూనే ఉందంటే అది ఇంటివాళ్ల అలవాట్ల సమస్య కాదు. ఎక్కడో ఇన్సులేషన్ దెబ్బతిని కరెంటు భూమిలోకి కారుతుండవచ్చు, న్యూట్రల్ తీగ పక్కింటిదానితో కలిసిపోయి ఉండవచ్చు, మరిచిపోయిన మోటారో మెట్ల దీపమో ఈ మీటరు మీద నడుస్తుండవచ్చు. అది నాలాంటివాళ్ల పని. మీరు చేయాల్సిందల్లా గుర్తించి చెప్పడమే.

#9 మూడో అంతస్తు
మా బృందంలో ఒక నియమం ఉంది. ఎవరూ ఒంటరిగా వెళ్లరు, ఇద్దరు వెళ్తారు, ఇద్దరిలో ఒకరు స్త్రీ. ఒకరు ఇంటివాళ్లతో మాట్లాడతారు, మరొకరు రాసుకుంటారు. పడకగదిలోకి పిలిస్తేనే అడుగుపెడతారు. ఇది కరెంటుకు సంబంధించిన మాట కాదు కానీ, ఇది పాటించకపోతే రెండోసారి ఎవరూ తలుపు తీయరు.

#10 గ్రంథాలయం
వరండా గారూ, మీరు చేస్తున్నది కొత్త ఆలోచనేమీ కాదు, దీనికి మంచి వంశవృక్షమే ఉంది. 1970లలో అమెరికాలోని న్యూజెర్సీలో ట్విన్ రివర్స్ అనే కాలనీని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏళ్ల తరబడి పరిశీలించారు. ఒకే నమూనాలో, పక్కపక్కనే కట్టిన ఇళ్లు అవి. అయినా ఒక ఇల్లు వాడే ఇంధనం మరో ఇల్లు వాడేదానికి రెట్టింపు ఉండేది. గోడలూ కిటికీలూ ఒకటే, తేడా మనుషులదీ అలవాట్లదీ. పాతవాళ్లు ఖాళీ చేసి కొత్తవాళ్లు దిగినప్పుడు అదే ఇంటి వాడకం మారిపోవడం కూడా అక్కడ గమనించారు. ఆ పరిశోధన నుంచే 'ఇళ్ల డాక్టర్లు' అనే పద్ధతి వచ్చింది. శిక్షణ పొందినవాళ్లు పనిముట్లతో ఇంటికి వచ్చి, గాలి కారే సందులు వెతికి, చేతనైనవి అప్పటికప్పుడే మూసి వెళ్లేవారు.

జర్మనీలో 2008 నుంచి కారిటాస్ అనే సేవాసంస్థ, ఇంధన సలహా సంస్థల సమాఖ్యతో కలిసి నడుపుతున్న కార్యక్రమం ఒకటుంది. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు వెళ్లేవాళ్లు అందులో చాలామంది స్వయంగా చాలాకాలం ఉద్యోగం లేక ఇబ్బందిపడ్డవాళ్లే. వాళ్లకు శిక్షణ ఇచ్చి పంపుతారు. మొదటిసారి వచ్చి అన్నీ కొలుస్తారు, రాసుకుంటారు. లెక్క వేసుకున్నాక మళ్లీ వచ్చి, ఆ ఇంటికి పనికొచ్చే ఎల్‌ఈడీ బల్బులు, స్విచ్ ఉన్న ప్లగ్గు పట్టీలు లాంటివి ఉచితంగా ఇచ్చి బిగించి వెళ్తారు.

నాకు ఇందులో నచ్చింది ఆ రెండో రాక. మొదటిసారి వినడానికి, రెండోసారి చెప్పడానికి. మీరు రెండూ ఒకే పూట చేయాలనుకుంటున్నారు, అందుకే కాగితం సొరుగులోకి పోతోంది.

#11 మొండివాడు
ఇదంతా బాగానే ఉంది. కానీ ఆదా అయిన కరెంటు ఎక్కడికీ పోదు, మరో రూపంలో మళ్లీ వాడేస్తారు. 1865లోనే జెవన్స్ అనే ఆర్థికవేత్త బొగ్గు గురించి ఇదే చెప్పాడు. ఆవిరియంత్రాల సామర్థ్యం పెరిగేకొద్దీ బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందన్నాడు. తక్కువ కరెంటు తాగే ఫ్యాను కొన్నవాడు దాన్ని ఖాళీ గదిలో కూడా తిప్పుతాడు. మీ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

#12 లెక్కలపుస్తకం
మొండివాడు గారూ, జెవన్స్ మాట దేశం మొత్తం పరిశ్రమలకు సంబంధించినది. ఇంటి సంగతికి వస్తే కొంత తిరిగి పోతుంది, నిజమే. మొత్తం పోదు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటు తాగే మోటారున్న బీఎల్‌డీసీ రకం 30 వాట్ల దగ్గర ఆగుతుంది. పాత ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే 0.9 యూనిట్. అంతే కరెంటు కొత్త ఫ్యానుతో ఖర్చు చేయాలంటే 30 గంటలు తిప్పాలి. రోజుకు ఉన్నవి 24.

#13 మూలగది
నేను మరో వైపు నుంచి చెబుతాను. బిల్లుకు భయపడి ఉక్కపోతలో ఫ్యాను కూడా వేసుకోకుండా కూర్చునే పెద్దవాళ్లను నేను చూశాను. అలాంటి ఇంట్లో వృథాను ఆపితే ఆ మిగిలినదానితో వాళ్లు ఫ్యాను వేసుకుంటారు. మీటరులో తేడా కనిపించదు. అది ఓటమి అంటారా? నేను అనను. తీవ్రమైన ఎండల్లో వృద్ధులకు ప్రాణాపాయం ఉంటుంది. వాళ్లకు 'తగ్గించండి' అనే మాట చెప్పేముందు పదిసార్లు ఆలోచించాలి.

#14 మెరుపు
అందరికీ ఒక ప్రశ్న. సాకెట్‌లో పెట్టుకుంటే బిల్లు సగానికి తగ్గిస్తుందనే చిన్న పెట్టెలు అమ్ముతున్నారు. పచ్చదీపం వెలుగుతూ ఉంటుంది. మా బృందం తరఫున అందరికీ కలిపి ఒకేసారి తెప్పిద్దామని ఒకరు ప్రతిపాదించారు. లింకు ఇదిగో: [నిర్వాహకులు తొలగించారు]

#15 తీగపని
వద్దు. వాటిని విప్పి చూశాను. లోపల ఒక కెపాసిటర్, ఆ పచ్చదీపం, దాన్ని వెలిగించడానికి కావలసిన చిన్న సర్క్యూట్. అంతే.

దాని వెనుక ఉన్న వాదన ఇది. మోటార్లు లాగే కరెంటులో పని చేసే భాగం ఒకటి, ఊరికే వచ్చి వెళ్లే భాగం ఒకటి ఉంటాయి. కెపాసిటర్ ఆ రెండో భాగాన్ని కొంత సరిదిద్దుతుంది. పెద్ద కర్మాగారాలకు దానికీ లెక్క కట్టే పద్ధతి ఉంటుంది కాబట్టి వాళ్లకు ఉపయోగం. ఇంటి మీటరు సాధారణంగా లెక్కించేది పని చేసే భాగాన్ని మాత్రమే. ఆ పెట్టె తగ్గించేది మీ బిల్లులో లేనిదాన్ని. పైగా ఆ పచ్చదీపానికి అయ్యే కరెంటు అదనం.

#16 పాతమీటరు
నమ్మకం కుదరకపోతే ఎవరి ఇంట్లోనైనా పరీక్షించవచ్చు. ఫ్రిజ్ ఆపేసి, ఒక ఫ్యాను, ఒక దీపం మాత్రమే వేసి ఉంచి మీటరు దీపం లెక్కపెట్టండి. పెట్టె పెట్టి మళ్లీ లెక్కపెట్టండి. పెట్టె అమ్మేవాడు మీ ముందు ఈ పని చేయడు, వాడు చూపించేది ఆంపియర్లు మాత్రమే.

#17 నిర్వాహకుడు
అమ్మకపు లింకులు పెట్టవద్దని మరోసారి మనవి. మెరుపు గారు తెలియక పెట్టినట్టున్నారు, ఆ ప్రశ్న అందరికీ ఉపయోగపడేదే కాబట్టి పోస్టు ఉంచాను.

#18 వరండా
మొన్న పెద్దాయన ఇంటికి వెళ్లివచ్చాం. పట్టిక తీసుకెళ్లలేదు.

రాత్రి, పొద్దున అంకెలు ఆయన ముందే రాసి ఉంచారు, గుండ్రటి చేతిరాతలో, తేదీలతో సహా. ఎనిమిది గంటల్లో యూనిట్ పైన కొంత పోతోంది. సగటున 150 వాట్లన్నమాట. ఏసీ లేదు. ఫ్యాను ఒక్కటే తిరుగుతుంది, ఫ్రిజ్ ఉంది, నెట్ కోసం రౌటర్ ఉంది, టీవీ పెట్టె (సెట్‌టాప్ బాక్స్) ఉంది. అన్నీ కలిపితే అంతకు దగ్గరగానే వస్తోంది కదా అనుకున్నాం.

అప్పుడే ఒకటి జరిగింది. మేం ముగ్గురం మీటరు దగ్గర నిలబడి మిణుకులు లెక్కపెడుతున్నాం. నెమ్మదిగా, తాపీగా మిణుకుతున్న దీపం ఉన్నట్టుండి పరుగు అందుకుంది. లెక్కపెట్టడానికి కూడా వీల్లేనంత వేగం. ఆయన భార్య లోపలే ఉన్నారు, ఏ స్విచ్చీ వేయలేదన్నారు. కొన్ని నిమిషాల తర్వాత దానంతట అదే మళ్లీ నెమ్మదించింది. ఇదేమిటి?

#19 లెక్కలపుస్తకం
లెక్కపెట్టలేనంత వేగమంటే నిమిషానికి వంద దాటి ఉంటుంది. మీటరు 3200 రకమైతే 107 మిణుకులకు 2000 వాట్లు. ఇంట్లో 2000 వాట్లు లాగి, కొన్ని నిమిషాలకు దానంతట అదే ఆగేది ఒకటే ఉంటుంది: ట్యాంకు ఉన్న నీళ్ల హీటరు. నీళ్లు కాస్త చల్లబడగానే థర్మోస్టాట్ దాన్ని మళ్లీ వెలిగిస్తుంది. ఎవరూ నీళ్లు వాడకపోయినా సరే.

#20 తీగపని
నేనూ అదే అనుకుంటున్నాను. స్నానాల గది స్విచ్ చూశారా?

#21 వరండా
చూసి వచ్చాకే ఇది రాస్తున్నాను. మీరిద్దరూ చెప్పింది నిజమే!

స్విచ్ స్నానాల గది తలుపు వెనుక ఉంది. తలుపు తెరిచి ఉంటే కనిపించదు. స్విచ్ మీద ఉండాల్సిన ఎర్రదీపం ఎప్పుడో మాడిపోయింది. హీటరు మీద ఉన్న దీపం పైకప్పు దగ్గర, అటువైపు తిరిగి ఉంది. వేసి ఉందో ఆపి ఉందో చూపుకు తెలిసే దారే లేదు. పెద్దాయన స్విచ్ పైకి ఉంటే ఆపినట్టని, ఆవిడ కిందికి ఉంటే ఆపినట్టని అనుకుంటున్నారు. ఒకరు ఆపితే రెండోవారు 'ఆపుతూ' మళ్లీ వేస్తున్నారు.

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. పెద్దాయన మాత్రం చాలాసేపు ఆ స్విచ్ వైపే చూస్తూ నిలబడ్డారు.

#22 నిశాచరి
ఇది మీ రెండు పేజీల పట్టికలో ఉండేది కాదు!

#23 పాతమీటరు
ఒక నిమిషం లెక్క మోసం చేస్తుందని కూడా దీనివల్ల తెలిసింది, గమనించండి. ఆగి ఆగి నడిచే ఫ్రిజ్, హీటరు లాంటివాటిని నిమిషం చూసి తేల్చలేం. వాటికి రాత్రంతటి లెక్కే సరైనది. ఫ్రిజ్‌ను వాట్ మీటరుతో కొలిచినా పూర్తిగా ఒక రోజు ఉంచాలి.

వరండా గారూ, ఈసారి వెళ్లినప్పుడు ఫ్రిజ్ తలుపు రబ్బరు కూడా చూడండి. తలుపుకూ అంచుకూ మధ్య ఒక కాగితం పెట్టి మూయండి. లాగితే పట్టు తగలాలి. సునాయాసంగా జారి వచ్చిందంటే అక్కడ చల్లగాలి బయటికి పోతున్నట్టే. నాలుగు వైపులా చూడాలి, ముఖ్యంగా కింది మూల.

#24 తీగపని
పెద్దాయన ఇంటికి నా సలహా: దీపం వెలిగే స్విచ్ ఒకటి, తలుపు బయట, ఇద్దరికీ కనిపించే చోట పెట్టించండి. పనివాడి చేతే.

#25 నిశాచరి
థర్మోస్టాట్ కూడా తగ్గించేస్తే ఇంకా ఆదా కదా? 40 డిగ్రీలకు పెడితే స్నానానికి సరిపోతుంది.

#26 మూలగది
అది చేయకండి. ట్యాంకులో నిలవ ఉన్న నీళ్లు 20 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ నీటి తుంపరలు పీల్చితే న్యుమోనియా రావచ్చు, వృద్ధులకు ముప్పు మరీ ఎక్కువ. అందుకే నిలవ నీటిని 60 డిగ్రీల దగ్గర ఉంచమంటారు. ఆ వేడి నేరుగా తగిలితే చర్మం కాలుతుంది కాబట్టి చన్నీళ్లు కలిపే వాడాలి. ఆదా చేయాల్సింది డిగ్రీలలో కాదు, హీటరు వేసి ఉంచే సమయంలో, వాడే నీళ్లలో.

#27 లెక్కలపుస్తకం
దానికీ లెక్క చెబుతాను. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీలు వేడెక్కించాలంటే సుమారు 0.35 యూనిట్ కావాలి. ఏ కంపెనీ హీటరైనా ఇందులో తేడా ఉండదు, అది నీటి స్వభావం. షవర్ కింద ఎక్కువసేపు నిలబడితే 15 లీటర్లు కాస్తా చాలా సులువుగా 60 అవుతాయి. అప్పుడు 1.4 యూనిట్. బట్టలు ఉతికే యంత్రంలో వేడినీటి అమరిక వాడితే అక్కడా ఖర్చులో పెద్ద భాగం నీళ్లు కాచడానికే. చన్నీళ్ల అమరికకు మారితే చాలు.

#28 మూడో అంతస్తు
వేడి మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. చలి ప్రాంతాల్లో కిటికీ సందులు మూయడం మంచి పనే. కానీ గదిలో పొగగొట్టం లేని గ్యాస్ హీటరో గ్యాస్ గీజరో ఉంటే గాలి దారులు మూయకూడదు. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మనిషి మత్తుగా కూలిపోయే వరకు తెలియదు. మూసే ముందు మంట ఎక్కడ మండుతోందో చూసుకోండి.

ఎండ ప్రాంతాల వాళ్లకు: కిటికీకి లోపల తెర కట్టడం కంటే బయట నీడ పెట్టడం మేలు. అద్దం దాటి లోపలికి వచ్చిన వేడిని తెర పూర్తిగా ఆపలేదు.

#29 మెరుపు
నాకు మరో ఆలోచన వచ్చింది, ఈసారి లింకు లేదు. కాలనీలో ఎవరు ఎంత వాడుతున్నారో వరుసగా రాసి నోటీసు బోర్డు మీద పెడితే? ఎక్కువ వాడేవాళ్లకు సిగ్గేసి తగ్గిస్తారు.

#30 గ్రంథాలయం
దీన్ని నిజంగా పరీక్షించి చూశారు. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో కొన్ని వందల ఇళ్ల తలుపులకు, వాళ్ల వాడకం ఎంతో, చుట్టుపక్కల సగటు ఎంతో రాసిన చీటీలు తగిలించారు. ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. సగటు కంటే ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు. తక్కువ వాడుతున్నవాళ్లు మాత్రం 'మనం అనవసరంగా బిగబట్టుకుంటున్నాం' అనుకున్నారో ఏమో, పెంచారు! చీటీ మీద ఒక నవ్వుముఖం బొమ్మ గీసి మెచ్చుకున్న ఇళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు.

తర్వాత ఇదే పద్ధతిని అమెరికాలో లక్షల ఇళ్లకు ఉత్తరాల రూపంలో పంపారు. హంట్ ఆల్కాట్ అనే ఆర్థికవేత్త 2011లో ఆ లెక్కలు తీస్తే సగటున 2 శాతం తగ్గింది. చిన్నదే, కానీ ఒక కాగితం ముక్కకు అది తక్కువేమీ కాదు. అయితే ఆ చీటీల్లో పక్కింటివాళ్ల పేర్లు లేవు, సగటు మాత్రమే ఉంది. మీరంటున్నది అది కాదు.

#31 మూడో అంతస్తు
నోటీసు బోర్డు మీద ఇంటి నంబర్లతో అంకెలా! రెండు వారాలుగా వాడకం సున్నా అని రాస్తే ఆ ఇంట్లో ఎవరూ లేరని దొంగకు మీరే చెప్పినట్టు. ఎవరింట్లో కొత్తగా పసిబిడ్డ ఉంది, ఎవరింట్లో మంచం పట్టిన మనిషి ఉన్నాడు, రాత్రంతా యంత్రం నడవాల్సిన జబ్బు ఎవరికుంది, అన్నీ అంకెలు చెప్పేస్తాయి. మేం ఇంటివాళ్ల కాగితం ఇంటివాళ్ల దగ్గరే వదిలేసి వస్తాం. మా దగ్గర ఉండేది ఎంత తగ్గిందన్న ఒక్క అంకె, అదీ పేరు లేకుండా.

#32 కిటికీపక్క
అద్దె ఇళ్లవాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఇంట్లో ఫ్రిజ్, గీజర్, ఫ్యాన్లు యజమానివి. బిల్లు మాది. మంచివి పెట్టమంటే ఆయనకేమిటి లాభం? మేం కొని పెడితే ఖాళీ చేసేటప్పుడు వదిలేసి పోవాలి. స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు 'కొత్త ఫ్రిజ్ కొనండి' అంటే నవ్వొస్తుంది.

#33 పాతమీటరు
న్యాయమైన మాట. అద్దె ఇంట్లో విప్పి తీసుకెళ్లగలిగే వాటి మీదే దృష్టి పెట్టాలి. బల్బులు మీవే, పోతూ పోతూ పట్టుకుపోవచ్చు. 60 వాట్ల పాత బల్బు చోట 9 వాట్ల ఎల్‌ఈడీ అంతే వెలుగునిస్తుంది. టీవీ పెట్టె పనిలేనప్పుడు కూడా 10 వాట్లు లాగే రకమైతే దానిమీద కన్నేయండి. రోజంతా వదిలేస్తే ఏడాదికి 87 యూనిట్లు దాటుతుంది. టీవీ, ఆ పెట్టె, స్పీకర్లు కలిపి స్విచ్ ఉన్న ఒక పట్టీకి తగిలిస్తే ఒక్క నొక్కుతో ఆగిపోతాయి. రౌటర్‌ను అందులో కలపకండి, ఇంట్లో తగువులు వస్తాయి.

యజమానితో మాట్లాడేటప్పుడు మాత్రం స్వచ్ఛంద బృందం ఉపయోగపడుతుంది. 'నా ఫ్రిజ్ పాతది' అని మీరంటే ఫిర్యాదు. ఒక రోజంతా కొలిచిన అంకెను బృందం రాసిస్తే దానికి ఎంతో కొంత విలువ ఉంటుంది.

#34 మొండివాడు
సరే, ఒక్కటి ఒప్పుకుంటాను. స్విచ్ కథ నాకు నచ్చింది. కానీ దేశం కరెంటు ఇలా ఆదా అవుతుందని మాత్రం చెప్పకండి.

#35 మూలగది
ఎవరూ చెప్పలేదు మొండివాడు గారూ. పెద్దాయన కరెంటు ఆదా అవుతుందని చెప్పాం.

#36 వరండా
అందరికీ చాలా కృతజ్ఞతలు. బృందంలో కూర్చుని కొన్ని మార్పులు అనుకున్నాం. మొదటిసారి ఏ సలహా ఇవ్వం, రాత్రి పొద్దున అంకెలు మాత్రం అడుగుతాం. రెండోసారి వెళ్లినప్పుడు ఒకటో రెండో పనులు చెబుతాం, చేతనైతే చేసే వస్తాం. పట్టికను రద్దు చేశాం. వెనుకవైపు ఖాళీగా ఉంది కాబట్టి ఆ కాగితాల మీదే మీటరు అంకెలు రాయిస్తున్నాం.

ఒక సందేహం మిగిలింది. రాసుకునే కాగితంలో 'ఇంట్లో ఎంతమంది ఉంటారు' అని అడగాలా? లెక్కకు అవసరమే, కానీ కొందరు ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతున్నారు.

#37 మూడో అంతస్తు
తీసేయండి. ఆ ఇంటి పాత అంకెతో కొత్త అంకెను పోల్చడానికి మనుషుల సంఖ్య అక్కర్లేదు. మధ్యలో చుట్టాలు వచ్చి ఉంటే వాళ్లే చెబుతారు.

#38 తీగపని
'స్విచ్‌లలో ఏవైనా వెచ్చబడుతున్నాయా' అనే ప్రశ్న మాత్రం చేర్చండి. మెరుపు గారూ, ఆ పెట్టెల కోసం డబ్బు వసూలు చేసి ఉంటే తిరిగి ఇచ్చేయకండి, రెండు మంచి వాట్ మీటర్లు కొనండి. 16 ఆంపియర్లవి.

#39 మెరుపు
ఇంకా వసూలు చేయలేదు. అడిగి చూస్తాను. వరండా గారూ, మీ దగ్గర ఉన్న వాట్ మీటరు ఈ ఆదివారం ఖాళీగా ఉంటుందా?

#40 వరండా
శనివారం వరకు ఒకరి ఫ్రిజ్ దగ్గర ఉంది. ఆదివారం పొద్దున తీసుకోవచ్చు.